హైదరాబాద్ నుంచి డాలస్: దూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు – నేను లెక్క తేల్చిన పద్ధతి

అమ్మానాన్నలకు హైదరాబాద్ నుంచి డాలస్‌కు టికెట్ తీసే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలనుకున్నాను. ఎంత దూరం? ఎంతసేపు? వెతికితే దూరానికి నాలుగు అంకెలు దొరికాయి: 14,420, 8,960, 7,786, 15,470. సమయానికి మూడు: 16 గంటలు, 23న్నర గంటలు, 35 గంటలు. ఏది నిజమో తేల్చడానికి కూర్చుంటే అన్నీ నిజమేనని తేలింది. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. ఏ అంకె దేనికో తెలియకపోతే టికెట్ ఎంచుకోవడంలో తప్పు జరుగుతుంది. ముఖ్యంగా పెద్దవాళ్ళు వెళ్తున్నప్పుడు ఆ తప్పు వాళ్ళ కాళ్ళ మీద, నడుం మీద పడుతుంది.

మొదటి మూడు అంకెల సంగతి సులువు. 14,420 కిలోమీటర్లు, 8,960 మైళ్ళు, 7,786 నాటికల్ మైళ్ళు ఒకటే దూరం. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. భూగోళం మీద అక్షాంశంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, దాదాపు అంత ఉంటుంది. పైలట్లు, విమాన పటాలు వాడేది అదే. విమాన సంస్థల మైలేజీ పాయింట్లు మాత్రం మామూలు మైళ్ళలో ఉంటాయి. కొన్ని వెబ్‌సైట్లు ప్రమాణం పేరు చిన్న అక్షరాల్లో వేస్తాయి కాబట్టి ముందు దాన్ని చూసుకోవాలి. నాలుగోది, 15,470, దుబాయ్ మీదుగా వెళ్తే అయ్యే దూరం.

లెక్క మొదలయ్యేది రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలతో. శంషాబాద్ 17.2313 డిగ్రీల ఉత్తరం, 78.4298 డిగ్రీల తూర్పు. డాలస్ ఫోర్ట్‌వర్త్ 32.8968 ఉత్తరం, 97.0380 పడమర. ఊరి అక్షాంశం కాదు, విమానాశ్రయానిదే తీసుకోవాలి. ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పాఠ్యపుస్తకాల్లో, పంచాంగాల్లో హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల 23 నిమిషాలు అని ఉంటుంది. దాన్ని 17.23 అని కొట్టేస్తారు. 23 నిమిషాలంటే 0.38 డిగ్రీ, అంటే 17.38. శంషాబాద్‌ది నిజంగానే 17.23. రెండింటికీ తేడా పదిహేడు కిలోమీటర్లు. ఇంత దూరపు లెక్కలో అది పెద్దది కాదు గానీ, ఇదే పొరపాటు రేఖాంశంలోనూ చేస్తే లెక్క ఇంకా తప్పుతుంది.

కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు ఒక గ్లోబు, ఒక దారం తీసుకోమని చెబుతాను. పిల్లల గ్లోబు 30 సెంటీమీటర్ల వ్యాసంది అయితే చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, కాబట్టి సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. దారం ఒక కొసను హైదరాబాద్ మీద వేలితో అదిమి, రెండో కొసను డాలస్ దాకా లాగి బిగించాలి. దారం వదులుగా ఉంటే కొలత పనికిరాదు. బిగించగానే అది తనంతట తానే పైకి జారుతుంది. ఢిల్లీ, హిమాలయాలు, సైబీరియా దాటి ఉత్తర ధ్రువం పక్కగా వెళ్ళి, కెనడా మీదుగా దిగి టెక్సాస్ చేరుతుంది. దాన్ని స్కేలు మీద పెడితే 34 సెంటీమీటర్లకు కొద్దిగా తక్కువ వస్తుంది. 34ను 425తో గుణిస్తే 14,450. అసలు దూరానికి ముప్పై కిలోమీటర్ల తేడాలోకి దారం తెచ్చేసింది.

గోడకు వేలాడే ప్రపంచపటం మీద ఇదే పని చేస్తే మోసపోతాం. పటం మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కు గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకు పోతుంది. దిక్సూచిలో ఒకే కోణం పట్టుకుని నిజంగా ఆ దారినే వెళ్తే దాదాపు 17,700 కిలోమీటర్లు అవుతుంది. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు అదనం. గుండ్రటి భూమిని చదును చేసి పరిచినప్పుడు పైభాగం సాగిపోతుంది. అందుకే దగ్గరిదారి పటం మీద పెద్ద విల్లులా, దూరపు దారి తిన్నని గీతలా కనిపిస్తాయి. విమానం సీటు ముందున్న తెరలో దారి వంకరగా కనబడితే అది చుట్టు తిరుగుతోందని కాదు.

ఇప్పుడు లెక్క. పదో తరగతి త్రికోణమితి గుర్తుంటే చాలు. రెండు అక్షాంశాల సైన్‌లు గుణించాలి. రెండు అక్షాంశాల కొసైన్‌లు గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించాలి. రెండూ కూడి, వచ్చినదానికి విలోమ కొసైన్ తీస్తే భూకేంద్రం దగ్గర కోణం వస్తుంది. ఒక్కో డిగ్రీకి 111.195 కిలోమీటర్లు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుంటే వచ్చే విలువ ఇది.

మన రెండు ఊళ్ళకు: సైన్‌లు 0.2962, 0.5431. గుణిస్తే 0.1609. కొసైన్‌లు 0.9551, 0.8397. గుణిస్తే 0.8020. రేఖాంశాల తేడా 78.43కు 97.04 కలిపితే 175.47 డిగ్రీలు. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి ఇక్కడ కూడాలి. దాని కొసైన్ మైనస్ 0.9969. గుణిస్తే మైనస్ 0.7995. దీనికి 0.1609 కలిపితే మైనస్ 0.6386. విలోమ కొసైన్ 129.69 డిగ్రీలు. 111.195తో గుణిస్తే 14,420 కిలోమీటర్లు.

తప్పులు జరిగేది రెండు చోట్ల. ఒకటి, కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణాన్ని కొలిచే ఇంకో ప్రమాణం) ఉండటం. ఎక్సెల్‌లో సైన్, కొసైన్ ఎప్పుడూ రేడియన్లనే అడుగుతాయి. డిగ్రీలను ముందు రేడియన్లుగా మార్చకుండా ఇస్తే ఏదో ఒక అంకె వస్తుంది, దానికి అర్థం ఉండదు. రెండోది ఇంకా ప్రమాదం: డాలస్ రేఖాంశానికి మైనస్ గుర్తు మర్చిపోవడం. అప్పుడు తేడా 175 బదులు 18.6 డిగ్రీలు అయిపోయి జవాబు 2,550 కిలోమీటర్లు వస్తుంది. అది హైదరాబాద్ నుంచి దుబాయ్ దూరం ఎంతో దాదాపు అంతే. చూడటానికి నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది కాబట్టి తప్పని తట్టదు. అందుకే దారం ముందు, కాలిక్యులేటర్ తర్వాత. దారం 34 సెంటీమీటర్లు చెప్పాక 2,550ని ఎవరూ నమ్మరు.

భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. ఆ సవరణ చేసే కాలిక్యులేటర్లు నాలుగైదు నుంచి పాతిక కిలోమీటర్ల వరకు తేడా చూపిస్తాయి. ఈ పనికి అది లెక్కలోకి రాదు. సూత్రం వద్దనుకునేవాళ్ళకు గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటు ఉంది. రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు మధ్యలో గీతతో కొడితే దూరం, పటం రెండూ ఇస్తుంది. గూగుల్ ఎర్త్‌లో స్కేలు గుర్తు నొక్కి రెండు చోట్ల క్లిక్ చేసినా సరిపోతుంది.

ఈ లెక్కలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన విషయం దూరం కాదు, దిక్కు. శంషాబాద్ నుంచి డాలస్‌కు దగ్గరిదారి బయలుదేరే కోణం ఉత్తరానికి అయిదు డిగ్రీలు పడమరగా, అంటే దాదాపు నిట్టనిలువుగా ఉత్తరం. అమెరికా అంటే పడమర అనుకుంటాం. ఆ దారి ఉత్తర ధ్రువానికి 525 కిలోమీటర్ల దగ్గరగా వెళ్తుంది. కారణం చూస్తే సులువే: హైదరాబాద్ 78.4 తూర్పు రేఖాంశం మీద ఉంది, సరిగ్గా దాని వెనకవైపు రేఖాంశం 101.6 పడమర, డాలస్ ఉన్నది 97లో. భూగోళానికి అటు ఒకరు, ఇటు ఒకరు అన్నట్టే.

దీనివల్ల ఒక వింత బయటపడుతుంది. ఆ ఉత్తరపు గీత దాదాపు ఢిల్లీ నెత్తి మీదుగా పోతుంది. హైదరాబాద్–ఢిల్లీ 1,267 కిలోమీటర్లు, ఢిల్లీ–డాలస్ 13,154. కూడితే 14,421. నేరుగా వెళ్ళిన దానికంటే ఒక్క కిలోమీటరు ఎక్కువ! లండన్ మీదుగా అయితే 7,754కు 7,628 కలిపి 15,382. దుబాయ్ మీదుగా 2,547, 12,919 కలిపి 15,466. దోహా మీదుగా 2,913, 12,745 కలిపి 15,658. అంటే గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళు వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతున్నారు. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ అది గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. ఒక కనెక్షన్‌లో, అంటే విమానం మారే చోట, నాలుగు గంటలు అదనంగా కూర్చోవడం దీనికి మూడింతలు. దూరం చూసి దారి ఎంచుకోకూడదని అర్థమైంది ఇక్కడే.

మరి నేరుగా ఒక్క విమానం ఎందుకు లేదు? దూరం అడ్డు కాదు. సింగపూర్–న్యూయార్క్ విమానం దాదాపు 15,350 కిలోమీటర్లు ఎగురుతోంది. డాలస్‌కే సిడ్నీ నుంచి 13,800 కిలోమీటర్ల నాన్‌స్టాప్ ఉంది. మన హైదరాబాద్ నుంచి చికాగోకు 2021 జనవరిలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777-200ఎల్‌ఆర్‌తో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, అది దాదాపు 13,280 కిలోమీటర్లు. తర్వాత ఆగిపోయింది. ఇంత దూరం వెళ్ళే విమానం మోసే బరువులో పెద్ద వాటా ఇంధనానిదే. 777-200ఎల్‌ఆర్ ట్యాంకుల్లో 1,81,000 లీటర్ల పైగా పడుతుంది. చివరి గంటల్లో మండే ఇంధనాన్ని మోయడానికి మొదటి గంటల్లో ఇంకొంత ఇంధనం మండాలి. అందుకే ఇంత దూరపు నాన్‌స్టాప్ కంటే మధ్యలో దిగి వెళ్ళే రెండు విమానాలు సీటుకు తక్కువ ఇంధనంతో సరిపెట్టుకోగలవు. పైగా శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నపు వేడిలో గాలి పలచబడి ఇంజన్ తోపు, రెక్కలు పైకెత్తే బలం రెండూ తగ్గుతాయి. రన్‌వే 4,260 మీటర్లు ఉండటం మేలు చేస్తుంది గానీ ఆ వేడికి బరువు తగ్గించుకోక తప్పదు.

ధ్రువం దారికి తనవైన ఇబ్బందులున్నాయి. 78 డిగ్రీల ఉత్తరం దాటితే అమెరికా నియమాల ప్రకారం అది ధ్రువ ప్రాంతం. అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు, అక్కడ ప్రయాణికులను కాపాడే ఏర్పాట్లు ముందే చూపించాలి. 82 డిగ్రీలు దాటితే భూమధ్యరేఖ మీదుండే ఉపగ్రహాలు దిగంతం కిందికి పోతాయి. ధ్రువాల మీదుగా తిరిగే వేరే ఉపగ్రహాల ఫోను లేని విమానానికి అప్పుడు పాత హెచ్‌ఎఫ్ (దూరప్రాంతాలకు వాడే) రేడియోనే దిక్కు, అది సౌర తుఫాను వస్తే పని చేయకపోవచ్చు. ఇంధనం గడ్డకట్టే ఉష్ణోగ్రత జెట్ ఎ-1 అనే రకానికి మైనస్ 47, అమెరికాలో ఎక్కువగా నింపే జెట్ ఎకు మైనస్ 40. చలి మరీ ఎక్కువైతే పైలట్లు కిందికి దిగడమో వేగం పెంచడమో చేసి ట్యాంకుల్ని వెచ్చబరుస్తారు. హిమాలయాల మీద వేరే కారణం: క్యాబిన్‌లో పీడనం పోతే విమానం వెంటనే 10,000 అడుగులకు దిగాలి, అక్కడ కొండలే అంతకంటే ఎత్తు. అందుకే ఢిల్లీ నుంచి సాధారణంగా నిట్టనిలువుగా ఉత్తరానికి పోరు.

దేశాల గగనతలాలు మూసుకోవడం వీటన్నిటికంటే పెద్ద విషయం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి రష్యా ఆకాశం అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, కెనడా విమానాలకు మూత. గల్ఫ్ సంస్థలకు, మన సంస్థలకు ఆ మూత లేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ భారతీయ విమానాలకు తన ఆకాశాన్ని మూసింది. అది మన సంస్థల విమానాలకే వర్తిస్తుంది, విదేశీ సంస్థల వాటికి కాదు. దాంతో ఢిల్లీ నుంచి పడమర వెళ్ళే మన విమానాలు ముందు దక్షిణానికి, గుజరాత్, అరేబియా సముద్రం వైపు దిగి తిరగాల్సి వచ్చింది. అమెరికా నుంచి వచ్చేవి కొన్ని యూరప్‌లో ఇంధనానికి ఆగాయి. కాబట్టి కాగితం మీద ఒక్క కిలోమీటరు అదనం చూపించిన ఢిల్లీ దారి, ఏ సంస్థ నడుపుతోందన్న దాన్ని బట్టి గంటల తేడాతో మారుతుంది. టికెట్ తీసే వారంలో ఎలా ఉందో చూడాలి తప్ప ఎవరో రెండేళ్ళ కింద చెప్పింది పనికిరాదు.

ఇక దూరాన్ని సమయంగా మార్చడం. పెద్ద విమానాలు ధ్వని వేగంలో 0.84, 0.85 వంతు వేగంతో పోతాయి. 35,000 అడుగుల ఎత్తులో, మైనస్ 54 డిగ్రీల చలిలో ధ్వని వేగమే గంటకు 1,060 కిలోమీటర్ల చిల్లర. అంటే విమానం వేగం గాలితో పోలిస్తే 890–900. నేను వాడే సూత్రం ఇది: దూరానికి నాలుగు శాతం కలుపు, ఎందుకంటే విమానం సరిగ్గా గ్రేట్ సర్కిల్ మీద, అంటే దారం చూపిన దగ్గరిదారి మీద, పోదు. దాన్ని 890తో భాగించు. దానికి నలభై నిమిషాలు కలుపు. అవి నేల మీద ట్యాక్సీకి, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ నిదానంగా వెళ్ళడానికి. దుబాయ్–డాలస్‌కు 12,919కి నాలుగు శాతం కలిపితే 13,436. భాగిస్తే 15 గంటల 6 నిమిషాలు. నలభై కలిపితే 15:46. షెడ్యూల్‌లో 16 గంటలు, ఆ పైన కొన్ని నిమిషాలు కనబడుతుంది. మొదట చెప్పిన 16 ఇదే. ఆ మిగతాది గాలి.

గాలిని వదిలేస్తే రానుపోను సమయాలు ఎందుకు వేరో అర్థం కాదు. మధ్య అక్షాంశాల్లో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ ఉంటుంది, చలికాలంలో గట్టిపడుతుంది, గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికా వెళ్ళేటప్పుడు విమానం దాన్ని తప్పించుకుంటూ ఉత్తరానికి జరుగుతుంది. వచ్చేటప్పుడు వెతుక్కుంటూ వెళ్ళి దాని వీపు మీద ఎక్కుతుంది. అందుకే డాలస్ నుంచి దుబాయ్ రావడానికి 14న్నర నుంచి 15 గంటలే. లండన్–డాలస్ పది గంటలు, డాలస్–లండన్ తొమ్మిది. ఆ గాలి వల్ల దారి ఏ రోజుకారోజు మారుతుంది. ఒకే నంబరు విమానం సోమవారం గ్రీన్‌లాండ్ మీదుగా, గురువారం దానికి దూరంగా పోవచ్చు.

టికెట్ మీద ఉండే సమయం గాల్లో ఉండే సమయం కాదు. తలుపు మూసి గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగే దాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అందులో విమాన సంస్థ కొంత మిగులు కూడా కలుపుకుంటుంది. అందుకే పైలట్ 'అరగంట ముందే దిగుతున్నాం' అని అప్పుడప్పుడు ప్రకటిస్తారు. ఆ మిగులెంతో తెలుసుకోవాలంటే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి వాటిలో విమానం నంబరు కొట్టి గత వారం రోజుల చరిత్ర తీయాలి. ఏ రోజు ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది కనబడుతుంది. ఒక్క రోజు చూసి నమ్మకూడదు, ఏడు రోజులూ రాసుకోవాలి. ఏడింటిలో మూడు రోజులు మొదటి విమానం గంట ఆలస్యమైతే గంటన్నర కనెక్షన్ ఉన్న టికెట్ ఎంత చవకైనా వద్దు.

కనెక్షన్ సంగతి నెమ్మదిగా చెప్పాలి, ప్రయాణాలు చెడేది ఇక్కడే. టికెట్ సైటు గంటా పదిహేను నిమిషాల కనెక్షన్ కూడా అమ్ముతుంది, ఎందుకంటే ఆ విమానాశ్రయం ప్రకటించిన కనీస సమయానికి అది సరిపోతుంది. ఆ కనీసం దారి తెలిసి వడివడిగా నడిచేవాళ్ళకు. రెండో విమానం తలుపు బయలుదేరే సమయానికి పదిహేను ఇరవై నిమిషాల ముందే మూస్తారు. అమెరికా విమానాలకు గేటు దగ్గర మరోసారి ప్రశ్నలు, తనిఖీ ఉండొచ్చు, దానికి ఇంకా ముందు చేరాలి. పెద్దవాళ్ళకు వీల్‌చైర్ అడిగి ఉంటే విమానం ఖాళీ అయ్యాక ఆఖరున దించుతారు. నాలుగు వందల మంది దిగడానికి అరగంట. తర్వాత వీల్‌చైర్ వచ్చే దాకా ఎదురుచూపు. నా లెక్క: మామూలువాళ్ళకు రెండున్నర గంటలు, వీల్‌చైర్ వాళ్ళకు మూడున్నర. ఐదు దాటితే నడుంనొప్పి ఉన్నవాళ్ళకు ఇబ్బంది. వీల్‌చైర్‌ను ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు బుకింగ్‌లో పెట్టించి, టికెట్ ప్రింటులో ఆ మాట కనబడుతోందో లేదో చూడాలి.

రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం మనదే. సామాను కూడా మధ్యలో తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు.

డాలస్‌కు నేరుగా దిగే విమానం, న్యూయార్క్‌లోనో చికాగోలోనో మారే విమానం కాగితం మీద ఒకే సమయం చూపినా ఒకటి కాదు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. అక్కడే పెట్టెలు బెల్టు మీద నుంచి దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించి, మళ్ళీ సెక్యూరిటీ లైనులో నిలబడాలి. ఒక్కోటి 23 కిలోల నాలుగు పెట్టెలు అరవై అయిదేళ్ళ మనిషి బెల్టు మీద నుంచి లాగడం ఊహించుకోండి. అందుకే గమ్యం డాలస్ అయితే అమెరికా గడ్డ మీద మొదటి అడుగు డాలస్‌లోనే పడేలా చూడాలి. అబుదాబిలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు, అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగొచ్చు. మీ విమానానికి ఆ సౌకర్యం ఉందో లేదో ముందే చూసుకోవాలి, అబుదాబిలోనే దానికి సమయం ఉంచాలి. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో మారితే సాధారణంగా అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి.

తేదీల లెక్క చాలామందిని తికమక పెడుతుంది, దానికి ఒక్క నియమం చాలు: బయలుదేరిన సమయాన్ని ముందు గమ్యం గడియారంలోకి మార్చు, తర్వాత ప్రయాణ సమయం కలుపు. డాలస్ మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. జూన్‌లో ఉదయం 10:00కు హైదరాబాద్‌లో విమానం ఎక్కితే అప్పుడు డాలస్‌లో ముందురోజు రాత్రి 11:30. దానికి 23 గంటల 30 నిమిషాలు కలిపితే అదే తేదీ రాత్రి 11:00. ఒక పగలు, ఒక రాత్రి దాటినా క్యాలెండరులో తేదీ మారదు. తిరుగు ప్రయాణంలో డాలస్‌లో మధ్యాహ్నం 12:00 అంటే మనకు రాత్రి 10:30. 22 గంటలు కలిపితే మర్నాడు రాత్రి 8:30. కనెక్షన్ ఇంకో ఏడెనిమిది గంటలు సాగితే మూడో తేదీ తెల్లవారుజాము అవుతుంది. టికెట్ మీద సమయం పక్కన చిన్నగా ఉండే +1, +2 గుర్తులు ఇవే. శంషాబాద్‌కు కారు పంపేవాళ్ళు వాటిని చూడకపోతే ఒకరోజు ముందే వచ్చి నిలబడతారు.

అన్నిటికంటే ఖరీదైన తప్పు అర్ధరాత్రి విమానాలది. హైదరాబాద్ నుంచి విదేశాలకు చాలా విమానాలు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. టికెట్‌లో 15వ తేదీ 01:45 అని ఉంటే ఇంట్లో అందరూ '15 రాత్రి' అంటారు. మన మాటల్లో తెల్లవారే దాకా ముందురోజు రాత్రే. నిజానికి 14వ తేదీ రాత్రి పది కల్లా విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళ్తే విమానం వెళ్ళి దాదాపు రోజు గడిచిపోయి ఉంటుంది. దీనికి నా పద్ధతి, ఇంటి క్యాలెండర్‌లో విమానం సమయం రాయకుండా ఇంటి నుంచి కారు కదిలే సమయం, వారంతో సహా రాయడం: '14, మంగళవారం, మధ్యాహ్నం నాలుగున్నర'.

అలా రాయాలంటే ఇంటి గుమ్మం నుంచి లెక్క వేయాలి. విజయవాడ నుంచి అయితే జాతీయ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కు దాదాపు 280 కిలోమీటర్లు, మధ్యలో టిఫిన్‌కు ఆగితే ఐదున్నర గంటలు. సంక్రాంతి ముందూ వెనకా ఆ దారిలో టోల్‌గేట్ల దగ్గర వరసలు కిలోమీటర్ల లెక్కన ఉంటాయి, అప్పుడు ఇంకో రెండు గంటలు పెట్టుకోవాలి. విమానాశ్రయంలో నాలుగు గంటలు. కౌంటర్ బయలుదేరే సమయానికి గంట ముందే మూసేస్తారు, కాబట్టి ఆ నాలుగు గంటలు వృథా కాదు. దుబాయ్‌కి 3:45, అక్కడ 3:30, డాలస్‌కు 16:15. ఇక్కడికి టికెట్ మీది 23న్నర గంటలు. డాలస్‌లో ఇమిగ్రేషన్, పెట్టెలు గంటన్నర. అక్కడి నుంచి డాలస్ శివారు ఊరు ఫ్రిస్కోకు నలభై కిలోమీటర్లు, ముప్పావుగంట. మొత్తం 35 గంటల 15 నిమిషాలు. మొదట చెప్పిన 35 ఇదే. అందులో విమానంలో కూర్చున్నది ఇరవై గంటలు. మందులు, భోజనం, బీపీ షుగరు మాత్రల వేళలు 23 గంటలకు కాకుండా ఈ 35 గంటలకు సరిపడా చేతి సంచిలో ఉండాలి. మాత్రల వేళలు మార్చేటప్పుడు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది.

చివరిగా, టికెట్ కొన్నాక కూడా ఒకసారి తిరిగి చూడాల్సిన తేదీలున్నాయి. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతుంది. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాలు. మన దేశంలో, దుబాయ్‌లో, దోహాలో మార్పు లేదు. విమాన సంస్థల ఎండాకాలం, చలికాలం షెడ్యూళ్ళు మారేదీ మార్చి, అక్టోబరు చివర్లోనే. ఆరు నెలల ముందు తీసిన నవంబరు తిరుగు టికెట్‌లో అప్పుడున్న మూడు గంటల కనెక్షన్ ఈలోపు రెండు గంటలై ఉండొచ్చు, సందేశం ఏ ఏజెంటు మెయిల్‌కో వెళ్ళి ఉండొచ్చు. అక్టోబరు మొదటి వారంలో పీఎన్‌ఆర్‌తో సంస్థ సైటులోకి వెళ్ళి రెండు విమానాల సమయాలూ చూసుకోవాలి. కనెక్షన్ తగ్గి ఉంటే వెంటనే ఫోన్ చేయాలి. మార్పు సంస్థే చేసినప్పుడు సాధారణంగా డబ్బు తీసుకోకుండా తర్వాతి విమానానికి మారుస్తారు, సీట్లు ఉన్నంతవరకే.